20 వేల మంది ఆడే గేమ్‌లో రోజూ ఆ ఐదుగురే ఎందుకు తగులుతారు?

నీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ: స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్‌లు కొని ఆడుకునే చోటు) చూస్తే, ఊళ్లు కట్టి యుద్ధాలు చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఒకేసారి 20 వేల మంది ఉన్నట్టు కనిపిస్తుంది, హాస్టల్లో రాత్రి తొమ్మిదికి కూర్చుని ర్యాంక్డ్ మ్యాచ్ (గెలుపోటములను బట్టి రేటింగ్ మారే ఆట) వెతికితే మాత్రం రోజూ అవే నాలుగైదు పేర్లు, ఎవరూ ఒక్క మాట మాట్లాడరు, ఈ గేమ్ చచ్చిపోతోందా అని. బీటెక్ సెకండియర్ అన్నావు కాబట్టి తమ్ముడూ అనే పిలుస్తా, ఏమనుకోకు.

చావట్లేదు. 1999లో వచ్చిన గేమ్, 2019 నవంబర్‌లో డెఫినిటివ్ ఎడిషన్ అని దాని కొత్త రూపం వచ్చినప్పటి నుంచి నేనూ ఆడుతున్నా, ఇంకా గట్టిగానే ఉంది. మ్యాచ్ దొరికేదాకా నువ్వు నిలబడ్డ క్యూ చిన్నది, అంతే. అదెంత చిన్నదో ఒకసారి లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క వేసుకునేదాకా నేను కూడా రెండేళ్లు నీలాగే ఏడ్చాను.

ఆ 20 వేలలో చాలామంది మనుషులతో ఆడటానికి వచ్చినవాళ్లే కాదు. క్యాంపెయిన్ ఆడుకునేవాళ్లు, కంప్యూటర్ మీద కోపం తీర్చుకునేవాళ్లు, పెద్ద ఆటగాళ్ల మ్యాచ్‌లు చూస్తూ కూర్చునేవాళ్లు, గేమ్ తెరిచి పెట్టి అన్నానికి పోయినవాళ్లు, అందరూ ఆ అంకెలోనే ఉంటారు. సరే, ఒక 8 వేల మంది ఆన్‌లైన్ మ్యాచ్‌ల కోసమే వచ్చారనుకుందాం. ఒక మ్యాచ్ 40 నిమిషాలు నడుస్తుంది, దొరకడానికి 2 నిమిషాలు పడుతుంది అనుకో. అప్పుడు ఏ క్షణంలో చూసినా 21 మందిలో ఒక్కడే క్యూలో ఉంటాడు, మిగతా 20 మంది లోపల గొర్రెలు కోస్తూనో గోడలు కడుతూనో ఉంటారు. అంటే 8 వేల మంది కాస్తా 380 అయ్యారు. వాళ్లలో టీమ్ గేమ్ కావాలనేవాళ్లు కొందరు, ఎంపైర్ వార్స్ అనే ఇంకో రకం ఆట కావాలనేవాళ్లు కొందరు, నీలాగ ఒకరితో ఒకరు ఆడేవాళ్లు ఒక 150 అనుకుందాం. నీ ఎలో రేటింగ్‌కి (ఆట ఎంత వచ్చో చెప్పే అంకె) అటూ ఇటూగా ఉన్నవాళ్లు వాళ్లలో ఏ ముప్పై మందో. ఆ ముప్పైలో సగం జర్మనీ, బ్రెజిల్ అలాంటి చోట్ల. పింగ్ (మన కబురు నెట్‌లో పోయి రావడానికి పట్టే టైమ్) కుదిరి, నువ్వు వద్దని బ్యాన్ చేయని మ్యాప్ వాళ్లకూ నచ్చాలి. బస్తా ఎంత పెద్దదైనా జల్లెడ మీద జల్లెడ పట్టుకుంటూ పోతే చివరికి చేతిలో మిగిలేది గుప్పెడే. ఆ గుప్పెడే నీకు రోజూ కనపడే ఐదు పేర్లు. (ఈ అంకెలు నేను అనుకున్నవే, నీ దగ్గర వేరేవి ఉంటే అవి పెట్టి చూసుకో, చివరికి వచ్చేది మాత్రం గుప్పెడే.)

టైమ్ సంగతి కూడా ఉంది. ఈ గేమ్ ఆడేవాళ్లలో యూరప్ వాళ్లు బాగా ఎక్కువ. మనకు రాత్రి 9 అయితే జర్మనీలో ఇంకా సాయంత్రం నాలుగున్నర, వాళ్ల ఎండాకాలంలో ఐదున్నర. ఆఫీసుల నుంచి కూడా వచ్చి ఉండరు. వాళ్లు తిని తీరిగ్గా కూర్చునేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. నువ్వు రాత్రి ఒంటిగంటకు ఒకసారి వెతికి చూడు, కొత్త పేర్లు వరసగా వస్తాయి. పొద్దున ల్యాబ్ ఉన్న రోజు మాత్రం ఈ సలహా పాటించకు.

దూరం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వరంగల్ నుంచి యూరప్‌కి దగ్గర దగ్గర 7 వేల కిలోమీటర్లు, పోయి రావడానికే 70 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో పది చోట్ల ఆగి ఆగి పోతుంది కాబట్టి నాకు పింగ్ 150 దాకా చూపిస్తుంది. మన గేమ్‌లో గుర్రాలు కాస్త ఆలస్యంగా కదిలితే పెద్దగా తేడా పడదు. తుపాకుల గేమ్‌లో అదే 150 అంటే మనం చచ్చాక మనకు కబురు తెలుస్తుంది. అందుకే షూటింగ్ గేమ్‌ల మ్యాచ్‌మేకింగ్ (గేమే మనకు ఆటగాళ్లను వెతికి కలిపే పద్ధతి) దగ్గరి సర్వర్లు దాటి అంత తేలిగ్గా పోదు, ఆటగాళ్లు లక్షల్లో ఉన్నా మన వైపు క్యూ మన వైపే ఉంటుంది.

ఇదంతా 'చిన్నది' అనే మాటకు ఒక అర్థం. నువ్వు అడిగినదాంట్లో రెండోది కూడా ఉంది, ఎవరూ మాట్లాడరు అన్నావే, అది. నాకు అసలు బాధ అక్కడే.

2008లో కిషన్‌పురలో మేము పోయే నెట్ కేఫ్‌లో 11 సిస్టమ్‌లు, గంటకు 15 రూపాయలు. కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల గేమ్, డస్ట్ 2 మ్యాప్, రోజూ అదే. మూడో నంబర్ సిస్టమ్ దగ్గర కూర్చునే అన్నకు స్నైపర్ తప్ప వేరే తుపాకి చేతికి రాదు, ఆయన మిడ్ డోర్స్ (మ్యాప్ నడిమధ్య తలుపులు) మీద గురిపెట్టినప్పుడల్లా ముందుకు వంగేవాడు, ఆ ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమనేది. ఆ కిర్రు వినపడగానే మేము ఇవతల అందరం మిడ్ వదిలేసి వేరే తొవ్వలో పోయేవాళ్లం. ఆయనకు ఈ ముచ్చట తెలియడానికి ఏడాది పట్టింది, తెలిశాక కావాలని కుర్చీ కిర్రుమనిపించి అటు కాకుండా ఇటు వచ్చి కొట్టేవాడు. కరెంటు కోతల రోజులు, మధ్యలో యూపీఎస్‌లు అన్నీ ఒకేసారి కుయ్యిమనేవి, కేఫ్ అన్న వచ్చి ఆపేయమనేలోపు ఇంకో రౌండ్ అయ్యేది. కరెంటు పోయాక బయట మెట్ల మీద కూర్చుని ఎవడు ఎవణ్ణి ఎట్లా కొట్టాడో ఇంకో గంట లొల్లి. ఎంత లెక్కేసినా మేము పాతిక మందికి మించి లేం. నాకు మాత్రం దేశమంతా ఆ గదిలోనే ఉందనిపించేది.

ఇప్పుడు అదే సిరీస్‌లోని కౌంటర్ స్ట్రైక్ 2ని స్టీమ్‌లో ఒకేసారి 10 లక్షల మందికి పైగా ఆడే రోజులున్నాయి. నేనూ ఆరు నెలలు ఆడాను. ఒక్క మనిషి పేరు కూడా గుర్తు లేదు. ఆట నొక్కగానే పది మందిని ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చి ఒక దగ్గర కూర్చోబెడుతుంది, అయిపోగానే ఎవరి దారిన వాళ్లను తోలేస్తుంది, తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ వేరే పది మంది. పాత 1.6 నెట్‌లో ఆడేటప్పుడు సర్వర్ల లిస్ట్ ఉండేది, మనకు నచ్చిన సర్వర్ వెతుక్కుని రోజూ అందులోకే పోయేవాళ్లం, హోటల్లో రోజూ అదే టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లలాగ. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే ఇంకో తుపాకుల గేమ్‌లో కూడా ముందు అంతే, ఏదో ఒక సర్వర్లో పడితే విసుగొచ్చేదాకా అక్కడే ఉండిపోవచ్చు. 2016 జూలై అప్‌డేట్‌తో దాని మీద మ్యాచ్‌మేకింగ్ వచ్చిపడింది, దాని మీద పాత ఆటగాళ్లు చేసిన గొడవ ఇంతా అంతా కాదు. మ్యాచ్‌మేకింగ్ వల్ల లాభాలు లేవనను, కొత్తగా వచ్చినవాడు మొదటి రోజే ముసలి పులుల మధ్య పడకుండా చూస్తుంది. కానీ గేమ్‌లో నిలబడి ముచ్చట పెట్టుకునే అరుగును మాత్రం అదే తీసేసింది.

ఆ అరుగు పోయాక మాట్లాడుకునేవాళ్లంతా డిస్కార్డ్ అనే ముచ్చట్ల యాప్‌లోకి, వాట్సాప్ గ్రూపుల్లోకి పోయారు. లోపల ఉన్నవాళ్లకు పండగే, బయట ఉన్నవాడికి తలుపేసిన ఇల్లు. లింక్ ఇచ్చేవాడు లేకపోతే ఆ ఇల్లు ఉందని కూడా తెలియదు. నువ్వు హాస్టల్లో కూర్చుని ఎవరూ లేరనుకుంటున్నావు, నీ పక్క బ్లాక్‌లోనే ఒకడు ఇదే అనుకుంటూ ఉండొచ్చు. నవ్వులాటకు అనట్లేదు, నాకు జరిగింది విను.

రాత్రి పదకొండున్నర దాటాక నాకు ఒకతను తెగ తగిలేవాడు. పేరంతా అర్థం లేని అక్షరాలు. ఎప్పుడూ మంగోలుల సైన్యమే తీసుకునేవాడు, పదో నిమిషం అటూ ఇటూగా స్కౌట్ గుర్రాలతో నా కట్టెలు కొట్టేవాళ్ల మీదికి వచ్చేవాడు. నాలుగు నెలల్లో తక్కువలో తక్కువ నలభై మ్యాచ్‌లు ఆడి ఉంటాం. చివర్లో జీజీ (గుడ్ గేమ్) అని ఒక ముక్క, అంతకుమించి మాట లేదు. నేనైతే బ్రెజిల్ వాడని ఫిక్సయిపోయాను, ఎందుకో నన్నడగకు.

ఒకరోజు ఏమీ తోచక స్టీమ్‌లో నా పేరు తీసేసి 'కాజీపేట జంక్షన్' అని పెట్టుకున్నా. ఆ రాత్రి మ్యాచ్ లోడ్ కాగానే అవతలి నుంచి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు: "అన్నా మీది కాజీపేటనా?"

రెండు నిమిషాలు గేమ్‌లో నా ఊరివాళ్లంతా ఖాళీగా నిలబడ్డారు. "హన్మకొండ, నీది?" అన్నా.

"గోదావరిఖని. సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చి ఆడుత. నాలుగు నెలల సంది కొట్టుకుంటున్నం గదా అన్నా" అని రాసి 11 కొట్టాడు. ఈ గేమ్‌లో చాట్‌లో 11 కొడితే పగలబడి నవ్వే గొంతు వినిపిస్తుంది, నీకు తెలుసు కదా. నేనూ 11 కొట్టాను. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో గుర్తు లేదు.

కాజీపేటలో రైలెక్కితే రామగుండంలో దిగి పోవచ్చు వాళ్లింటికి. ఆయన పదకొండు దాటాకే ఎందుకు దొరికేవాడో అప్పుడు తెలిసింది, సింగరేణి షిఫ్ట్ దిగే టైమ్ అది. మా నాయనమ్మ వాళ్లు మేడారం జాతరకు పోయినప్పుడు ఒక పొడుగాటి కర్రకు ఎర్ర తువ్వాల కట్టి పైకెత్తి పట్టుకునేవాళ్లు, అంత జనంలో తప్పిపోయిన మనోళ్లు దాన్ని చూసి వచ్చి కలుస్తారని. అందుకే నేను ఆ పేరు ఇంతవరకు మార్చలేదు.

ఇంకొకటి, నీ మొబైల్ గేమ్ స్నేహితులంతా ఎటు పోయారో అని కింద కామెంట్లో అడిగావు కదా, దానిది వేరే కథ. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ను మన దేశంలో నిషేధించారు, 2021 జూలైలో అదే గేమ్ బీజీఎమ్ఐ పేరుతో వచ్చింది, 2022 జూలైలో అదీ స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఇలా తలుపు రెండుసార్లు మూసి రెండుసార్లు తెరిస్తే అందరూ తిరిగి రారు. మా బామ్మర్దిది నలుగురి స్క్వాడ్, మొదటి బ్యాన్‌కు ఒకడు చదువులో పడ్డాడు, రెండో దానికి ఇద్దరు వేరే గేమ్‌కు పోయారు, ఇప్పుడు వాడొక్కడే ముక్కూ మొహం తెలియనివాళ్లతో దిగుతాడు. పైగా కింది ర్యాంకుల్లో లాబీ (ఆటకు ముందు అందరూ చేరే చోటు) నిండుగా కనపడినా అందులో చాలామంది బాట్లే, అంటే కంప్యూటర్ ఆడించే బొమ్మలే, అని ఆడేవాళ్లకు తెలుసు. వాడు కూడా గేమ్ చిన్నదైపోయింది బావా అంటాడు, నీ బాధా వాడి బాధా ఒకటి కాదు మరి.

నీ విషయానికి వస్తే, ర్యాంక్డ్ క్యూలోనే కూర్చుని మనుషుల కోసం చూడకు. అది గెలుపు ఓటముల కోసం పెట్టిన లైన్, సోపతి దొరికే చోటు కాదు. ఇదే గేమ్‌లో మామూలు లాబీలు ఉన్నాయి, ఎవరైనా ఒకటి తెరిచి కూర్చోవచ్చు, అందరూ వచ్చేదాకా చాట్ నడుస్తుంది, పాత కేఫ్ మెట్లకు ఇప్పుడున్నవాటిలో కాస్త దగ్గరగా ఉండేది అదొక్కటే. చిక్కేంటంటే తెలియని లాబీలోకి పోతే రేటింగ్ తక్కువని, పింగ్ ఎర్రగా ఉందని ఒక్క మాట చెప్పకుండా బయటికి తోసేస్తారు. నన్నూ తోశారు, ఒకే రాత్రి ఆరుసార్లు. మనమే లాబీ పెడితే తోసేవాడుండడు. ప్రతి వారం అదే రోజు, అదే టైమ్, అదే పేరు పెట్టాలి, రెండు వారాలకే ఎవరూ రావట్లేదని ఆపేయొద్దు. మేము మొదలుపెట్టినప్పుడు నేనూ, ఖని తమ్ముడూ, అతనితో పనిచేసే ఇద్దరూ, నాలుగు వారాలు మేం నలుగురమే. ఐదో వారం జనగామ నుంచి ఒకరు వచ్చారు, పేరు చూసే వచ్చాడట. ఇప్పుడు 14 మందిమి. ఒక్కొక్క వారం రెండు లాబీలు పెట్టాల్సి వస్తోంది, ఎందుకంటే ఒక ఆటలో 8 మందికే చోటు. స్టీమ్ లెక్కలో మా 14 మంది కనపడను కూడా కనపడరు. కానీ నాకు ఇప్పుడు ఈ గేమ్ చిన్నదని అనిపించట్లేదు.

ఈ ఆదివారం రాత్రి 10కి తెరుస్తాం, లాబీ పేరులో ఓరుగల్లు అని ఉంటుంది, బ్లాక్ ఫారెస్ట్ మ్యాప్, రేటింగ్ ఎంతున్నా పర్లేదు. జగిత్యాల ఆయన ఒకరు షార్జాలో ఉంటారు, మనకు 10 అంటే ఆయనకు ఎనిమిదిన్నర, డ్యూటీ దిగి తిని సరిగ్గా టైమ్‌కి వచ్చి కూర్చుంటారు. మనం రెండు నిమిషాలు లేట్ అయితే చాలు, 14 కొట్టడం మొదలుపెడతారు, ఆట మొదలుపెట్టండింక అని అరిచే గొంతు, ఆపకుండా. అంతలోపు వచ్చెయ్.