ఎంఆర్ఐలో తెల్ల మచ్చలన్నారు.. అమ్మకు మతిమరుపు వస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. షుగర్ లేదు. బీపీ పదేళ్లుగా ఉంది, మాత్రలు గుర్తుంటే వేసుకుంటుంది, లేకపోతే లేదు. తల తిరుగుతోందంటే ఎంఆర్ఐ తీయించాం. ‘క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్, ఫజెకాస్ గ్రేడ్ 2’ అని రాశారు. నెట్‌లో చూస్తే పక్షవాతం, మతిమరుపు అని ఉంది. తెలిసినాయన ఆస్పిరిన్ మొదలుపెట్టమంటున్నాడు. డీటీఐ అనే స్కాన్ కూడా తీయించాలా? అసలు అమ్మకు ఈ సంగతి చెప్పాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: ముందు ఆ నెట్ పక్కన పెట్టండి. రిపోర్టులో రాసింది, మెదడులోని సన్న నాళాల్లో రక్తం చాలక ఏర్పడే తెల్ల మచ్చల గురించే. అరవై దాటినవాళ్లకు ఎంఆర్ఐ తీస్తే ఎంతోకొంత ఈ మచ్చలు కనబడటం చాలా మామూలు. అలాగని మీ అమ్మగారిది పట్టించుకోనక్కర్లేదని కాదు.

మెదడు లోపలి తెల్ల పదార్థం అంటే కరెంటు తీగల కట్టల్లాంటిది, ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కబురు మోసేది. దానికి రక్తం తెచ్చే నాళాలు వెంట్రుకంత సన్నగా ఉండి చాలా లోపలిదాకా వెళ్తాయి. కాలువ చివరి పొలాల సంగతి మీకు తెలిసే ఉంటుంది, పైన ఏ కాస్త తేడా వచ్చినా ముందు ఎండేది అవే, ఇక్కడా అంతే. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు మందమై బిరుసెక్కుతాయి, చివరి ప్రాంతానికి రక్తం చాలక దెబ్బతింటుంది. ఎంఆర్ఐలో ఫ్లెయిర్ అనే పద్ధతిలో మెదడులోని నీటిని నల్లగా చూపిస్తారు కాబట్టి దెబ్బతిన్న చోటు తెల్లగా మెరుస్తుంది. ఫజెకాస్ అనేది ఆ తెలుపు ఎంతుందో 0 నుంచి 3 దాకా వేసే లెక్క, 1987 నుంచి వాడుతున్నాం. 1 అంటే విడివిడి చుక్కలు, 2 అంటే చుక్కలు ఒకదానితో ఒకటి కలవడం మొదలైంది, 3 అంటే పెద్ద పెద్ద మరకలైపోయాయి. అమ్మగారు మధ్యలో ఉన్నారు.

మతిమరుపు, పక్షవాతం ముప్పు మామూలు కంటే ఎక్కువే, కానీ వచ్చి తీరుతుందని రాసిపెట్టి ఏమీ లేదు. ఈ జబ్బులో పేర్లు మర్చిపోవడం కంటే ముందు నడక నెమ్మదిస్తుంది, రోజూ చేసే వంటలోనే ఏది ముందు ఏది తర్వాత అని తడబడతారు. ఇవి గమనిస్తే న్యూరాలజిస్టుకు చూపించండి. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం హఠాత్తుగా జరిగితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి, నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

తల తిరగడం ఈ మచ్చల వల్లే అనుకోకండి. చాలాసార్లు అది చెవి సమస్యో, లేచి నిలబడగానే బీపీ పడిపోవడమో అవుతుంది. కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూపించండి.

ఆస్పిరిన్ వద్దు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లకు డాక్టర్ రాస్తే మానకూడదు, అది వేరే సంగతి. మచ్చలు మాత్రమే ఉన్నాయని వేసుకుంటే లాభం లేకపోగా రక్తస్రావం రిస్కు. డీటీఐ కూడా వద్దు. మామూలు స్కాన్‌లో బాగున్నట్టు కనిపించే తీగల్లో కూడా లోపాన్ని పట్టుకునే మంచి పద్ధతే, కానీ ఎక్కువగా పరిశోధనల్లో వాడతారు, అది చూసి మీ అమ్మగారి మందు మారేదేమీ ఉండదు.

మారాల్సింది బీపీ. అమెరికాలో స్ప్రింట్ అనే పెద్ద అధ్యయనంలో పై అంకె 120 లోపు ఉండేలా చూసిన వాళ్లలో సుమారు 4 ఏళ్లకు ఈ మచ్చలు 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగితే, 140 లోపు చాలనుకున్న వాళ్లలో 1.45 పెరిగాయి. అంటే పూర్తిగా ఆగలేదు, నెమ్మదించాయి. మీ అమ్మగారికి ఎంత దాకా దించాలో, తల తిరగడం కూడా ఉంది కాబట్టి, మీ డాక్టరే తేల్చాలి. ఇంట్లో బీపీ మెషిన్ కొనండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, కాళ్లు నేలకు ఆనించి, చెయ్యి బల్లమీద పెట్టించి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూసి రాసుకోండి. ఆవకాయ మానమంటే ఎవరూ వినరు, నాకూ తెలుసు, రోజుకో బద్దతో సరిపెట్టి అప్పడం, మజ్జిగలో ఉప్పు ఆపించండి.

ఇక చెప్పాలా అంటే, చెప్పండి. ఏ బాధా లేదు కదా అనే కదా ఆవిడ మాత్ర మానేస్తున్నది. ఆ ఫిల్మ్ కిటికీ వెలుతురుకు పట్టి, ఇదిగో అమ్మా, మాత్ర మానేసిన రోజులు ఇక్కడ కనబడుతున్నాయి అని చూపించండి.