స్లో కుక్కర్‌లో చికెన్, స్టఫింగ్: స్టఫింగ్ ముద్ద కాకుండా, మాంసం ఎండిపోకుండా వండడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉదయం ఆఫీసుకు బయలుదేరే ముందు ఎముకలు లేని చికెన్ బ్రెస్ట్, ఒక డబ్బా క్రీమ్ ఆఫ్ చికెన్ సూప్, ఒక పెట్టె స్టఫింగ్ మిక్స్ (మసాలా ఆకులు కలిపి ఎండబెట్టిన బ్రెడ్ ముక్కలు), పెట్టె మీద రాసినన్ని నీళ్లు అన్నీ ఒకేసారి స్లో కుక్కర్‌లో (సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు పాత్రలో) వేసి, ‘లో’ (తక్కువ వేడి) మీద పెట్టి వెళ్తున్నారు. సాయంత్రం వచ్చి మూత తీసేసరికి స్టఫింగ్ ముద్దయిపోయి, మాంసం మాత్రం పీచు పీచుగా ఎండిపోయి ఉంటోంది. పిల్లలు ఇష్టంగా తినే ఈ అమెరికన్ వంట పనిరోజుల్లో సులువుగా, రుచిగా కుదిరే మార్గం చెప్పమని అడిగారు.

మేము ఒహాయోలో ఉంటాము. ఈ వంటను నేను మా పక్కింటి పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. ఇక్కడి చలికాలంలో ఇది మా ఇంట్లో తరచుగా వండుకునే భోజనం కాబట్టి, ఇన్నేళ్లుగా నేను పాటిస్తున్న పద్ధతినే వివరంగా రాస్తున్నాను. అసలు విషయం ముందే చెప్పేస్తాను: ఇందులోని మాంసానికీ, సాస్‌కూ, స్టఫింగ్‌కూ ఉడికే సమయాలు ఒకటి కావు. స్టఫింగ్‌ను ఉదయం వేయకూడదు, భోజనానికి ముప్పావుగంట ముందు మాత్రమే వేయాలి. రోజంతా ఉడకవలసిన గిన్నెలో బ్రెస్ట్ బదులు ఎముకతో ఉన్న థైస్ (తొడ ముక్కలు) వాడాలి. ఈ రెండు మార్పులు చేస్తే మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ తొలగిపోతాయి.

బ్రెస్ట్ ఎందుకు ఎండిపోతుందో అర్థం కావాలంటే, ఈ పాత్ర ఏ వంట కోసం పుట్టిందో తెలుసుకోవడం మంచిది. దీనికి మూలమైన పరికరాన్ని రూపొందించిన ఇర్వింగ్ నాక్సన్ 1940లో పేటెంట్ పొందారు. మాంసం, చిక్కుడు గింజలు, ధాన్యం కలిపి రాత్రంతా సన్నని వేడి మీద మగ్గించే చోలెంట్ అనే యూదుల వంటకం గురించి తన తల్లి చెప్పిన సంగతులే ఆయనకు ప్రేరణ అయ్యాయి. తరువాత రైవల్ కంపెనీ ఆ వ్యాపారాన్ని కొని, 1971లో క్రాక్‌పాట్ అనే పేరుతో దానిని మార్కెట్లోకి తెచ్చింది. అంటే ఇది గట్టి మాంసాన్ని, గింజలను గంటల తరబడి నిదానంగా మెత్తబరచడానికి ఉద్దేశించిన పాత్ర. థైస్‌లో ఉండే కొల్లాజెన్ (మాంసాన్ని పట్టి ఉంచే గట్టి ప్రొటీన్) ఆ దీర్ఘమైన వేడికి కరిగి జెలటిన్‌గా మారి, మాంసాన్ని మృదువుగా, సాస్‌ను చిక్కగా చేస్తుంది. బ్రెస్ట్‌లో కొవ్వూ కొల్లాజెనూ రెండూ తక్కువ కాబట్టి, అది ఉడికిన తరువాత గిన్నెలో ఉన్న ప్రతి గంటా ఉన్న తడిని పోగొట్టుకుంటూనే ఉంటుంది. చుట్టూ ఎంత సాస్ ఉన్నా ఆ తడి మాంసంలోకి తిరిగి చేరదు.

ఇక కొలతలు. నలుగురైదుగురికి ఎముకతో ఉన్న థైస్ రెండున్నర పౌండ్లు, అంటే సుమారు 1.1 కిలోలు సరిపోతాయి. తోలు తీసేయండి, ఎందుకంటే స్లో కుక్కర్‌లో తోలు ఎప్పటికీ కరకరలాడదు, పైగా అందులోని కొవ్వంతా సాస్ మీద తేలుతుంది. ఒక ఉల్లిపాయ, రెండు మూడు సెలరీ కాడలు సన్నగా తరిగి, చెంచాడు వెన్నలో మెత్తబడేవరకు వేయించి అడుగున పరవండి. ఈ వేయించడం అదనపు పనిలా కనిపించినా దయచేసి దాన్ని మానవద్దు. స్లో కుక్కర్‌లో వేడి మరిగే స్థాయిని దాటదు కాబట్టి అందులో ఏదీ వేగదు, పచ్చిగా వేసిన ఉల్లి సాయంత్రానికి మెత్తబడుతుందే తప్ప దాని పచ్చి ఘాటు పూర్తిగా పోదు. అల్లం వెల్లుల్లి ముద్ద విషయంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మన అలవాటు కొద్దీ ఒక చెంచా వేద్దామనిపిస్తుంది గానీ, క్రీమ్ సూప్‌లో ఆ పచ్చి వాసన చివరివరకూ నిలిచిపోతుంది.

ఉల్లి, సెలరీ మీద థైస్ పేర్చి, మిరియాల పొడి చల్లి, ఒక డబ్బా (10.5 ఔన్సుల) క్రీమ్ ఆఫ్ చికెన్ సూప్‌ను అర కప్పు ఉప్పు తక్కువ ఉన్న చికెన్ బ్రాత్‌తో (చికెన్ ఉడికించి వడకట్టిన రసంతో) కలిపి పైన పోయండి. అంతకు మించి నీళ్లు వద్దు. పొయ్యి మీద వండేటప్పుడు ఆవిరిగా పోయే నీరు ఇక్కడ మూతకు తగిలి తిరిగి గిన్నెలోకే జారుతుంది. చికెన్ నుంచి ఊరే నీరు దానికి తోడవుతుంది. ఉదయం చూసినప్పుడు సాస్ చాలా తక్కువగా, గట్టిగా అనిపిస్తుంది, అయినా దిగులుపడి ఇంకో కప్పు పోయకండి, మధ్యాహ్నానికి ముక్కలు సగం వరకు మునుగుతాయి. ఉప్పు అసలు వేయకండి. సూప్‌లోనూ, బ్రాత్‌లోనూ, స్టఫింగ్ మిక్స్‌లోనూ ఉప్పు ఉంటుంది, మూడూ కలిసేసరికి అదే కాస్త ఎక్కువవుతుంది.

గిన్నె పరిమాణాన్ని చాలామంది పట్టించుకోరు. స్లో కుక్కర్ కనీసం సగం నిండాలి, మూడింట రెండు వంతులు దాటకూడదు. ఆరు క్వార్టుల పెద్ద గిన్నెలో ఈ కొలత అడుగున పలుచగా పరుచుకొని, త్వరగా ఉడికిపోయి, అంచుల వెంట మాడుతుంది. మీ దగ్గర పెద్దదే ఉంటే మాంసం, సూప్ రెండూ ఒకటిన్నర రెట్లు చేసి, మిగిలినది మరునాటికి ఉంచుకోవడం మేలు.

లో మీద ఎముకతో ఉన్న థైస్‌కు ఆరు నుంచి ఏడు గంటలు పడుతుంది. మీరు ఇంట్లో లేని సమయం అంతకంటే ఎక్కువైతే, సమయం పూర్తికాగానే తనంతట తాను వార్మ్‌కు (వెచ్చగా మాత్రమే ఉంచే సెట్టింగ్‌కు) మారే కుక్కర్ తప్పనిసరిగా కావాలి. వార్మ్‌లో గంటా రెండు గంటలు ఉన్నా థైస్ పాడవవు. అయితే ఆలస్యంగా మొదలయ్యేలా టైమర్ పెట్టి, పచ్చి చికెన్‌ను గంటల తరబడి చల్లారిన గిన్నెలో ఉంచడం మాత్రం ఎంతమాత్రం మంచిది కాదు. 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య, అంటే సుమారు 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య, బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. మాంసం ఆ దశను ఎంత త్వరగా దాటితే అంత మంచిది. గడ్డకట్టిన చికెన్‌ను నేరుగా వేయవద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేదీ ఇందుకే. ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వండి. రాత్రే సిద్ధం చేసుకోవాలనుకుంటే, వేయించిన ఉల్లి, సెలరీ ఒక డబ్బాలో, చికెన్ మరొక డబ్బాలో విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పింగాణీ గిన్నెనే నింపి ఫ్రిజ్‌లో పెడితే, ఉదయం ఆ మందపాటి చల్లని గిన్నె వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది.

మన ఇళ్లలో చికెన్‌ను పసుపు, ఉప్పు వేసి రెండు మూడుసార్లు కడగనిదే పొయ్యి ఎక్కించరు. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ విషయంలో ఆవిడను ఒప్పించడానికి కొంత సమయం పట్టింది. కడిగితే బ్యాక్టీరియా పోదు, చింది పడిన నీటితో సింకుకూ, పక్కనున్న గిన్నెలకూ అంటుకుంటుంది. పేపర్ టవల్‌తో శుభ్రంగా అద్ది తడి తీసేస్తే చాలు. ఆ తడి తీసేయడం ఈ వంటకూ మంచిదే, గిన్నెలోకి వెళ్లే నీరు ఆమేరకు తగ్గుతుంది.

ఇప్పుడు స్టఫింగ్ దగ్గరికి వద్దాం. ఈ వంటకు ప్రాణం ఇదే. పెట్టెల్లో దొరికే స్టవ్‌టాప్ స్టఫింగ్‌ను జనరల్ ఫుడ్స్ సంస్థ 1972లో అమ్మకానికి తెచ్చింది. అక్కడ పనిచేసిన రూత్ సీమ్స్ దాని రూపకర్తలలో ముఖ్యురాలు, 1975లో వచ్చిన పేటెంట్‌లో ఆమె పేరు ఉంది. ఆమె కనిపెట్టిన కిటుకు బ్రెడ్ ముక్క పరిమాణంలో ఉంది. ముక్క మరీ చిన్నదైతే తడి తగలగానే విడిపోయి ముద్దవుతుంది, మరీ పెద్దదైతే లోపలి వరకు తడి చేరదు. సరైన పరిమాణంలో ఎండబెట్టిన ముక్క వేడినీటిని త్వరగా పీల్చుకొని కూడా తన ఆకారాన్ని నిలుపుకుంటుంది. కొద్ది నిమిషాల్లో సిద్ధమయ్యేలా చేసిన ఆ ముక్కను ఎనిమిది గంటలు ఆవిరిలో ఉంచితే అది నిలబడడం అసాధ్యం. బొంబాయి రవ్వను ఉదయం ఎసట్లో పోసి సాయంత్రం ఉప్మా పొడిపొడిగా ఉండాలని కోరుకోవడంలాంటిదే అది.

కాబట్టి ఇంటికి వచ్చాక చేయవలసినది ఇది. మూత తీసేటప్పుడు నిటారుగా పైకి ఎత్తకుండా, ఒక పక్కకు వంచుతూ గిన్నె బయటికి లాగండి. మూత లోపలి వైపున వరుసగా పట్టి ఉన్న నీటిబొట్లు అలా సింకులో పడతాయి, లేకపోతే చెంచాల కొద్దీ నీరు తిరిగి సాస్‌లో చేరుతుంది. థైస్ ముక్కలను పళ్లెంలోకి తీస్తే ఎముకలు చేతితో పట్టుకోగానే ఊడి వస్తాయి. మాంసాన్ని ఫోర్కుతో పెద్ద పెద్ద ముక్కలుగా విడదీయండి, మరీ సన్నని పీచులుగా చేయకండి. సాస్ మీద తేలిన కొవ్వును గరిటెతో తీసేసి, పావు కప్పు సవర్ క్రీమ్ కలిపి, మాంసాన్ని తిరిగి వేయండి. సవర్ క్రీమ్‌ను ఉదయమే వేస్తే అది విరిగిపోతుంది. డబ్బా సూప్‌లో చిక్కదనం కోసం పిండి కలిపి ఉంటుంది కాబట్టి అది రోజంతా ఉడికినా విరగదు. కూరగాయలు కావాలనుకుంటే, గడ్డ కరిగించిన ఫ్రోజెన్ బీన్స్ రెండు గుప్పెళ్లు ఈ దశలోనే వేయండి.

ఒక పెట్టె (6 ఔన్సుల) స్టఫింగ్ మిక్స్‌కు పెట్టె మీద ఒకటిన్నర కప్పుల నీళ్లు, పావు కప్పు వెన్న అని రాసి ఉంటుంది. అది పొయ్యి మీద గిన్నెలో చేసే పద్ధతి. ఇక్కడ కింద నుంచి సాస్ ఆవిరి తగులుతుంది కాబట్టి నేను ముప్పావు కప్పు వేడి బ్రాత్, పావు కప్పు కరిగించిన వెన్న మాత్రమే పోసి, ఫోర్కుతో తేలికగా కలిపి ఐదు నిమిషాలు వదిలేస్తాను. కొన్ని ముక్కలు ఇంకా పొడిగానే కనిపించాలి. దానిని మాంసం మీద సమంగా చల్లాలి, అదమకూడదు. తరువాత గిన్నె మీద రెండు పొరల పేపర్ టవల్ బిగువుగా పరిచి, అంచులు బయటికి వేలాడకుండా మూత మీదికి మడిచి, ‘హై’ (ఎక్కువ వేడి) మీద ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాలు ఉంచండి. మూతకు పట్టే నీటిని ఆ టవల్ పీల్చుకుంటుంది. స్లో కుక్కర్‌లో వేడి పక్కల నుంచి ఎక్కువగా వస్తుంది కాబట్టి, గోడను ఆనుకొని ఉన్న స్టఫింగ్ గోధుమరంగుకు తిరిగి కొద్దిగా గట్టిపడుతుంది. మా పిల్లలు ముందు ఆ అంచుల కోసమే గరిటె పెడతారు.

ఈ కాసేపట్లో మీరు స్నానం చేసి, పిల్లల హోంవర్క్ చూసుకోవచ్చు. అందువల్ల పనిరోజుకు దీన్ని కష్టమైన వంట అని నేను అనుకోను.

పెట్టె వాడడం ఇష్టం లేనివారు ఇంట్లో మిగిలిన గట్టి బ్రెడ్‌ను అర అంగుళం ముక్కలుగా కోసి, 300 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో పూర్తిగా ఎండేవరకు ఉంచి, సేజ్, థైమ్, పార్స్‌లీ, మిరియాలు కలిపి వాడుకోవచ్చు. సేజ్ ఆకు వాసన లేకపోతే ఇది స్టఫింగ్ అనిపించదు కాబట్టి దానిని వదలవద్దు. గరం మసాలా, ధనియాల పొడి వేస్తే సేజ్ వాసన కనబడకుండా పోతుంది. కారం కావలసినవారికి పక్కన ఏదైనా పెట్టడమే మంచి మార్గం. ఇక్కడివారు క్రాన్‌బెర్రీ సాస్ పెట్టుకుంటారు, మా ఇంట్లో పెద్దవాళ్లు నిమ్మకాయ ఊరగాయ వేసుకుంటారు. క్రీమ్ సాస్ పక్కన ఆ పులుపు నిజంగానే బాగుంటుంది.

బ్రెస్ట్ తప్ప వేరేది తినరంటే, ఈ వంటను సెలవు రోజున చేయండి. ముక్కలు కోయకుండా మొత్తంగానే వేసి, లో మీద మూడు గంటల తరువాత థర్మామీటర్‌తో మందమైన చోట చూడండి. 165 డిగ్రీల ఫారన్‌హీట్ (74 సెల్సియస్) చూపగానే బయటికి తీసేసి, స్టఫింగ్ మగ్గడం చివరికి వచ్చినప్పుడు తిరిగి లోపల పెట్టండి. మధ్యలో ఊరికే మూత తీసి చూడకండి, తీసిన ప్రతిసారీ కోల్పోయిన వేడి తిరిగి రావడానికి పావుగంటకు పైగానే పడుతుంది.

మిగిలినది రెండు గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. వీలైతే స్టఫింగ్‌ను పైనుంచి తీసి విడిగా పెట్టండి, లేకపోతే రాత్రంతా సాస్‌లో నాని మరునాటికి ముద్దవుతుంది. తిరిగి వేడి చేయడానికి స్లో కుక్కర్ పనికిరాదు, అందులో చల్లని ఆహారం వేడెక్కడానికి చాలా సమయం పడుతుంది. సాస్, మాంసం మైక్రోవేవ్‌లో పొగలు వచ్చేవరకు, స్టఫింగ్ 350 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో పావుగంటసేపు వేడి చేసుకుంటే, రెండో రోజు పైపొర మొదటి రోజుకంటే కరకరలాడుతుంది.