చిన్న సినిమా పబ్లిసిటీకి, విడుదలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందా?

కడప దగ్గర పల్లెలో తక్కువ ఖర్చుతో సినిమా తీశామని, ఎడిటింగ్ నడుస్తోందని, చేతిలో డబ్బు అయిపోయిందని రాశారు. పోస్టర్లకూ థియేటర్లకూ ప్రభుత్వ సాయం ఏదైనా దొరుకుతుందా అని అడిగారు. మేం అనంతపురం జిల్లాలో ఒక సినిమా తీసి, సీడెడ్‌లో, అంటే సినిమా వ్యాపారం లెక్కలో రాయలసీమలో, సొంతంగా విడుదల చేసుకున్నాం. ఆ అనుభవంతో చెప్తున్నాను.

విడుదల చేసుకోమని నేరుగా డబ్బు చేతికిచ్చే పథకం మన దగ్గర దాదాపు లేదు. మన రాష్ట్రంలో పబ్లిసిటీ ఖర్చుకంటూ గ్రాంటు అందుకున్న నిర్మాతను నేనింతవరకు కలవలేదు. ఉన్న సాయమంతా వేరే రూపంలో ఉంది. అది కూడా సినిమా బయటికి రాకముందే అడిగినవాళ్లకు. మీరింకా ఎడిటింగ్‌లోనే ఉన్నారు కాబట్టి మీకు టైముంది.

మొదట చూడాల్సింది ఎన్ఎఫ్‌డీసీ, అంటే జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ. 2022లో ఫిల్మ్స్ డివిజన్, చిత్రోత్సవాల డైరెక్టరేట్, ఫిల్మ్ ఆర్కైవ్, బాలల చిత్ర సమితి అన్నిటినీ దీన్లోనే కలిపేశారు. అందువల్ల పాత ఆఫీసుల పేర్లు వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. ఏటా నవంబరులో గోవా చిత్రోత్సవం పక్కనే వీళ్లు ఫిల్మ్ బజార్ నడుపుతారు. 2007లో మొదలైంది, 2025 నుంచి దాని పేరు వేవ్స్ ఫిల్మ్ బజార్. అందులో రెండు మీకు పనికొస్తాయి. రఫ్ కట్, అంటే ఎడిటింగ్‌లో మొదటి కూర్పు దశలో ఉన్న సినిమాలకు వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్ ఉంది. ఎంపికైతే అనుభవమున్న ఎడిటర్లు, ఫెస్టివల్ వాళ్లు సినిమా చూసి ఎక్కడ సాగుతోందో ఉన్నదున్నట్టు చెప్తారు. రెండోది వ్యూయింగ్ రూం. ఫీజు కట్టి మన సినిమా పెట్టుకుంటే ఫెస్టివల్ ప్రోగ్రామర్లు (ఉత్సవాలకు సినిమాలు ఎంపిక చేసేవాళ్లు), సేల్స్ ఏజెంట్లు, కొనేవాళ్లు అక్కడ కూర్చుని చూసుకుంటారు. దరఖాస్తుల గడువు నవంబరుకు నెలల ముందే ముగుస్తుంది.

మేం వ్యూయింగ్ రూంలో పెట్టాం. రూపాయి రాలేదు. కానీ అక్కడ పరిచయమైన ఒక ప్రోగ్రామర్ వల్లే మా సినిమా పక్క రాష్ట్రంలో ఒక ఉత్సవంలో ఆడింది. ఆ ఎంపిక ముద్ర పోస్టరు మీద పడ్డాకే ఇక్కడి థియేటర్ వాళ్లు మా ఫోన్ ఎత్తడం మొదలుపెట్టారు.

అసలు మార్కెటింగ్ గ్రాంటు అనదగ్గది కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2016లో పెట్టిన ఫిల్మ్ ప్రమోషన్ ఫండ్. అంతర్జాతీయ ఉత్సవాల పోటీ విభాగానికి ఎంపికైన సినిమాల ప్రచారానికి, ఆస్కార్‌కు మన దేశం తరఫున వెళ్లే సినిమాకు ఉద్దేశించింది. ఇంటర్నెట్‌లో ఎంట్రీ ఫీజు తీసుకుని నెలనెలా అవార్డులు పంచే పోటీలు బోలెడున్నాయి. వాటి సర్టిఫికెట్లు ఇలాంటి చోట చెల్లవు. మన కుర్రాళ్ల డబ్బు వాటికి పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇంకో మాట, పెద్ద ఉత్సవాలు ఎక్కడా ఆడని సినిమానే కోరుకుంటాయి. తొందరపడి యూట్యూబ్‌లో పెట్టేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

విదేశీ గ్రాంట్ల గురించి కూడా అడిగారు. బెర్లిన్ ఉత్సవం వాళ్ల వరల్డ్ సినిమా ఫండ్ ఆసియాలో కొన్ని దేశాల సినిమాలను జర్మనీలో విడుదల చేయడానికి సాయం చేస్తుంది. కానీ ఆ డబ్బు సినిమాను అక్కడ విడుదల చేసే డిస్ట్రిబ్యూటర్ కోసం. పొద్దుటూరులో పోస్టర్లు వేసుకోవడానికి కాదు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఎక్కడికెళ్లినా మొదట అడిగేది ఈ సినిమా హక్కులు పూర్తిగా మీవేనా అని. కథ ఎవరిది, పాట ఎవరిది, నటించినవాళ్ల సంతకాలేవి? మా సినిమాలో బుడ్డలు (వేరుశనగ) పీకేటప్పుడు పాడే పాట ఒకటుంది. పాడిన పెద్దమ్మకు చదువు రాదు. షూటింగ్ రోజే వాళ్లబ్బాయిని పక్కన కూర్చోబెట్టి, స్టాంపు పేపరు మీద రాసిన తెలుగు ఒప్పందం ఆమెకు నెమ్మదిగా చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాం. డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలోనే వేశాం. తర్వాత మా పాటల హక్కుల గురించి అడిగినప్పుడు ఆ కాగితం, ఆ బ్యాంకు రసీదు చూపిస్తే ఇంక ఎవరూ మారు ప్రశ్న వెయ్యలేదు. మీకు ఒప్పందాలు లేకపోతే యూనిట్ అంతా ఊళ్లోనే ఉన్నప్పుడు ఇప్పుడే రాయించుకోండి. పేరొచ్చాక ఇవి రాయించడం కష్టం.

మీ కథలో గొర్రెలో ఎద్దులో ఉన్నాయా? ఉంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి లేకుండా సెన్సార్ దగ్గర ఆగిపోతారు. ఆ అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాల్సింది. తీసుకోకపోతే ఈ రోజే అనుభవమున్న సెన్సార్ ఏజెంటుతో మాట్లాడండి. సెన్సార్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో సెన్సార్ బోర్డు వెబ్‌సైటు ఈ-సినీప్రమాణ్ ద్వారా, మనకు హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం. కాలేజీ ఆడిటోరియంలో టికెట్టు పెట్టి వేసుకోవాలన్నా ఆ సర్టిఫికెట్ ఉండాల్సిందే.

థియేటర్ లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే గ్రాంటు ఎంత కావాలో అది తెలియకుండా ఎవరూ సరిగ్గా రాయలేరు. చిన్న సినిమాకు సీడెడ్‌లో మినిమం గ్యారంటీ, అంటే ఆడినా ఆడకపోయినా ఇంత అని ముందే ఇచ్చే డబ్బు, ఎవరూ ఇవ్వరు. థియేటర్ వాళ్లు వారం అద్దె ముందే కట్టమంటారు, లేదంటే షేర్ మీద, అంటే వసూళ్లలో వాటాకు, ఒప్పుకుంటారు. దాని మీద డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీకి కట్టే వీపీఎఫ్ (వర్చువల్ ప్రింట్ ఫీజు) ఒకటి. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాలు ఆపేసింది దీని మీదే. కర్నూలులో మా సినిమా ఆడిన హాలు మేనేజరు ఆట అయ్యాక డీసీఆర్ (రోజువారీ వసూళ్ల లెక్క) కాగితం చేతికిచ్చేవాడు. క్లాసుల వారీగా టికెట్లు, గ్రాస్, కింద జీఎస్టీ, దానికింద అద్దె, అట్టడుగున మన వాటా. మ్యాట్నీకి కాలేజీ పిల్లలు బాగానే వచ్చిన రోజు కూడా ఆ చివరి అంకె పోస్టర్లు అంటించినవాళ్ల కూలికి బొటాబొటిగా సరిపోయింది. జీఎస్టీ విషయంలో ఇప్పుడు కొంత నయం. 100 రూపాయల లోపు టికెట్టుకు 12 శాతం ఉన్నది 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. 100 దాటితే మాత్రం ఇంకా 18 శాతమే ఉంది.

అందుకే నా దృష్టిలో నగదు కన్నా ఆట టైము పెద్ద సాయం. 2022 మార్చిలో మన రాష్ట్రం ఇచ్చిన టికెట్ల జీవోలో ఐదో ఆటకు అనుమతిస్తూ, 20 కోట్ల లోపు బడ్జెట్ సినిమాకు ఉదయం 11 నుంచి రాత్రి 9 మధ్య ఒక ఆట ఉండాలని రాశారు. మీరు విడుదల చేసేనాటికి ఏ జీవో అమల్లో ఉందో చూసుకుని, దాని కాపీ పట్టుకునే థియేటర్‌కు వెళ్లండి. నోటితో అడిగినప్పుడు ఉదయం ఆట ఇస్తామన్నవాళ్లే, కాగితం చూశాక మాతో సాయంత్రం ఆట గురించి మాట్లాడారు.

పక్క రాష్ట్రాలు ఇంకా ముందుకెళ్లాయి. తమిళనాడు తక్కువ బడ్జెట్‌లో వచ్చిన మంచి సినిమాలకు 7 లక్షల చొప్పున సబ్సిడీ ఇచ్చింది. కేరళ ప్రభుత్వం 2024 మార్చిలో సీ స్పేస్ అని సొంత ఓటీటీ పెట్టింది. చూసేవాళ్లు సినిమాకు 75 రూపాయలు కట్టాలి, వచ్చినదాంట్లో సగం నిర్మాతకు. మన ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌ను మనం ఇలాంటివి గట్టిగా అడగాలి. ఒక్కరు రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. సీమలో సినిమాలు తీసేవాళ్లందరం కలిసి సంతకాలు పెడితే జవాబైనా వస్తుంది.

ఓటీటీ అంటే గుర్తొచ్చింది, ప్రసార భారతి (దూరదర్శన్, ఆకాశవాణి నడిపే సంస్థ) వాళ్ల ఓటీటీ వేవ్స్ 2024 నవంబరులో మొదలైంది. గోవా బజారుకూ, ముంబయిలో జరిగిన సదస్సుకూ అదే పేరు పెట్టారు. దరఖాస్తు చేసేటప్పుడు ఏది ఏదో చూసుకోండి. ఓటీటీకి ఇచ్చే ముందు హక్కులు ఎన్నేళ్లకు రాయించుకుంటున్నారో కచ్చితంగా చదవండి.

ఈ వారంలో చెయ్యాల్సింది రఫ్ కట్‌కు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. గోవాలోనైనా ఇంకే ఉత్సవంలోనైనా అవి లేకుండా సినిమా చూడరు. మన యాస తెలిసిన మనిషితోనే రాయించండి. మీకు ఒప్పందం నమూనాలు కావాలంటే కింద కామెంట్లో అడగండి, మా సినిమాకు వాడినవి పంపిస్తాను.