కంప్యూటర్‌కి కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద "జపాన్ కెపాసిటర్లు" (విద్యుత్తుని కాసేపు నిల్వ ఉంచే భాగాలు) అని ఉంటే కళ్లు మూసుకుని కొనేయొచ్చా?

కొనేయొద్దు. ముందు ఆ డబ్బా మీద ఏం రాశారో సరిగ్గా చదవండి. "మెయిన్ కెపాసిటర్ జపాన్‌ది" అని ఉంటే అది కరెంటు లోపలికి వచ్చే వైపున ఉండే 400 వోల్టుల పెద్దది ఒక్కటే. నేను రిపేరుకి విప్పిన ఎస్‌ఎంపీఎస్‌లలో అది పోవడం తక్కువే చూశాను. పోయేవి ఎక్కువగా అవతలి వైపు, 12, 5, 3.3 వోల్టుల లైన్ల మీద గుంపుగా ఉండే చిన్నవి. వేడీ రిపుల్ కరెంటూ (ఎగుడుదిగుడుగా వచ్చిపోయే కరెంటు) రెండూ వాటి మీదే ఎక్కువగా పడతాయి, అయినా ఖర్చు తగ్గించాలనుకున్నవాళ్లు ముందు చెయ్యి పెట్టేది అక్కడే.

పేరు విషయానికొస్తే నిప్పాన్ కెమికాన్, రూబీకాన్, నిచికాన్, పానాసోనిక్ కనిపిస్తే ధైర్యంగా ఉండొచ్చు. అలాగని తైవాన్‌వి అన్నీ చెత్త కాదు, టీపో లాంటి కంపెనీల్లోనే మంచి సిరీస్‌లూ ఉన్నాయి, మామూలువీ ఉన్నాయి. అందుకే నేను పేరుతో పాటు సిరీస్ కూడా చూసి, దాని డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని గంటల ఆయుష్షని ఇచ్చారో వెతుకుతాను. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని లెక్క. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని ఉన్నది 65 డిగ్రీల్లో 32,000 గంటలు వస్తుంది, అదే 85 డిగ్రీల దగ్గర 1000 గంటల రకమైతే అదే వేడిలో 4000 గంటలే, అంటే ఆపకుండా నడిపితే ఆరు నెలలు కూడా కాదు. ఫ్యాను సరిగ్గా తిరగని ఎస్‌ఎంపీఎస్‌లో జపాన్‌ది పెట్టినా ఇదే లెక్క, వేడికి ఊరూ పేరూ అక్కర్లేదు.

కెపాసిటర్ పోయిందో లేదో కంటితో చూసి చెప్పొచ్చా అంటే, కొంతవరకే. తల ఉబ్బినా, అడుగున గోధుమరంగు మరక కారినా పోయినట్టే (కదలకుండా పూసే జిగురుని చూసి కారిందనుకుని కంగారు పడకండి). కానీ ఉబ్బకుండా లోలోపల ఎండిపోయేవే అసలు తలనొప్పి. ఒక సిస్టమ్ స్విచ్ నొక్కితే లేచేది కాదు, ప్లగ్గు పెట్టి కాసేపు వదిలేస్తే మాత్రం బుద్ధిగా ఆన్ అయ్యేది. విప్పి చూస్తే అన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. చివరికి 5 వోల్టుల స్టాండ్‌బై సర్క్యూట్‌లో (సిస్టమ్ ఆపి ఉన్నా నడిచే భాగం), హీట్‌సింక్‌కి ఆనుకుని పెన్సిలంత లావున్న ఒక కెపాసిటర్ తేలింది, పై తొడుగు కాస్త ముడుచుకుపోయింది అంతే. ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) కొలిచే మీటరు పెడితే కొత్తదాని కంటే ఎన్నో రెట్లు చూపించింది. మామూలు కెపాసిటెన్స్ మీటరుని మాత్రమే నమ్ముకుంటే ఇలాంటివి చాలాసార్లు బాగున్నట్టే కనిపిస్తాయి.

ఇక కొత్తది కొనేముందు చూడటానికే దాన్ని విప్పకండి. వారంటీ పోవచ్చు, పైగా ప్లగ్గు తీసేశాక కూడా ఆ పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. దానికి బదులు ఆ మోడల్‌ని విప్పి, లోడు పెట్టి, ఆసిలోస్కోప్‌తో రిపుల్ (వోల్టేజీలోని ఎగుడుదిగుడు) కొలిచిన రివ్యూ వెతకండి. ఏటీఎక్స్ అనే కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణం ప్రకారం 12 వోల్టుల మీద 120 మిల్లీవోల్టులు, 5, 3.3 మీద 50 దాటకూడదు. పూర్తి లోడు మీద కూడా 12 వోల్టుల రిపుల్ 40 లోపు ఉంటే నేనైతే కొనేస్తాను.