సాంబ్రాణి వేస్తే చాలు, గడియ పెట్టుకుంటోంది

ప్రశ్న: మా ఆడపడుచుకు 26 ఏళ్లు. ఉద్యోగం కోసం కాకినాడ దగ్గరి మా అత్తగారి ఊరి నుంచి వచ్చి రెండు నెలలుగా మా దగ్గరే ఉంటోంది. 12 ఏళ్లప్పుడు ఫిట్స్ వస్తుంటే గాలి సోకిందని ఒక స్వామి దగ్గర 11 రోజులు ఉంచారట. వేపమండలతో కొట్టారు, ఎండుమిరపకాయల పొగ పెట్టారు. కదలకుండా కాళ్లు పట్టుకున్నది అప్పుడు ఇంటర్ చదువుతున్న మా వారే. ఇప్పుడు శుక్రవారం నేను సాంబ్రాణి వేస్తే తనకు చెమటలు పడతాయి, బాత్‌రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది. మా వారేమో "గుడికి తీసుకెళ్తుంటే అదే అలవాటవుతుంది, దేవుడంటే భయం ఉండాలి" అంటారు. శ్రావణమాసం వ్రతానికి అత్తగారు అందరినీ రమ్మన్నారు. నేను పూజ మానేయాలా?
- ఒక వదిన, హైదరాబాద్

జవాబు: పూజ మానక్కర్లేదమ్మా. సాంబ్రాణి మాత్రం ఆపండి. దీపం, పూలు చాలు. వాసనకు మెదడులో భయం, జ్ఞాపకం ఉండే చోటికి అడ్డదారి ఉంది. మీకు శుక్రవారంలా ఉండే ఆ పొగ ఆమెకు మిరపకాయల పొగే. "ఇది నీకు ఇబ్బందా? మానెయ్యనా?" అని ముందు ఆమెనే అడగండి. ఆ 11 రోజుల్లో ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు కదా.

"ఆ స్వామి దొంగ, అసలు దేవుడు అలాంటివాడు కాదు" అని ఓదార్చబోకండి. ఆ పొరపాటు నేను చేశాను. కౌన్సెలింగ్‌లో చేరిన కొత్తలో ఒకమ్మాయి ఇలాంటిదే చెబుతుంటే మధ్యలో అందుకుని దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఆమె తలూపింది, చున్నీ సర్దుకుంది, వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మీ ఆడపడుచు నమ్మినా మానినా ఆమె ఇష్టం. రేపు తనే గుడికి వెళ్తానంటే ఆశ్చర్యపోకండి కూడా.

బలవంతంగా గుడికి తీసుకెళ్తే భయం ముదురుతుందే కానీ పోదు. అప్పుడు మీ వారూ కుర్రాడే, పెద్దలు పట్టుకోమంటే పట్టుకున్నాడు. "భయం ఉండాలి" అనే మాట చాటున ఆయన బాధే ఉందేమోనని నా అనుమానం. చెల్లెలి దగ్గర కూర్చుని "ఆ రోజు పట్టుకున్నాను, తప్పు చేశాను" అనమనండి. అప్పట్లో అందరూ అంతే, అమ్మానాన్నలకు తెలియక... ఇవేవీ కలపొద్దు. ఆమె తిట్టినా, లేచి వెళ్లిపోయినా వెంట పడొద్దు.

ఇప్పుడు ఫిట్స్ వస్తున్నాయో లేదో మీరు రాయలేదు. మూర్ఛ మెదడుకు వచ్చే జబ్బు. సరిగ్గా మందులు వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపకూడదు. ఈ చెమటల సంగతీ ఆయనకు చెప్పండి, ఫిట్సా టెన్షనా తేలుతుంది. ఫిట్స్ ఉన్నవాళ్లు బాత్‌రూం గడియ పెట్టుకోవడం ప్రమాదం. కానీ ఆమెకు ధైర్యమిస్తున్నది ఆ గడియే! అందుకే ఇంట్లో ఒక గది ఆమెకిచ్చేయండి. గడియ వేయకపోయినా, తలుపు దగ్గరగా వేసి ఉంటే పిలవకుండా ఎవరూ లోపలికి వెళ్లొద్దు. ఆమె సరేనంటే 14416కు ఫోన్ చేయించండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

వ్రతానికి మీరిద్దరే వెళ్లండి. అత్తగారికి సెలవు దొరకలేదని చెప్పాలో, నిజం చెప్పాలో అదీ ఆమెనే అడగండి. వచ్చేటప్పుడు ప్రసాదం తెస్తే బల్ల మీద పెట్టి ఊరుకోండి. తింటే తింటుంది.