జూమ్ ఎక్కడ ఆగాలో ముందు చూసుకో

చిన్నీ,

ఫొటోలన్నీ కూర్చి నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. ఫొటోల ఎంపిక బాగుంది. కానీ ప్రతి ఫొటో ఒకేలా మీదికి దూసుకొస్తుంటే కళ్లు తిరిగాయమ్మా. అన్నింటికీ కలిపి ఒకే ప్రీసెట్ (ముందే సిద్ధంగా ఉండే సెట్టింగ్) వేసేశావు కదూ? మొదట్లో నేనూ ఆ పనే చేశాను, అందుకే ఇట్టే పట్టేశాను.

ముందు చివరి కీఫ్రేమ్ పెట్టు, అంటే కదలిక ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు. కదలిక ఆగేసరికి తెర మీద ఏముండాలి? ఒక ముఖమా, చేతిలో ఉత్తరమా? అది తేలాక మొదటి కీఫ్రేమ్‌కి రా. ఇలా వెనక నుంచి పని చేస్తే జూమ్ పోయి ఎవరి నుదుటి మీదో, ఖాళీ గోడ మీదో ఆగదు. గ్రూపు ఫొటో అయితే ఒక ముఖం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రా. పక్కన ఎవరున్నారో మెల్లగా బయటపడుతుంది, చూసేవాళ్లకు అదే సరదా. నిలువు ఫొటోని కింది నుంచి పైకి ప్యాన్ చేస్తే, అంటే చూపు జరిగినట్టు కదిలిస్తే సరిపోతుంది.

ఐదు సెకన్ల ఫొటోకి స్కేల్ (ఫొటో సైజు శాతం) 100 నుంచి 110 చాలు. నువ్వు 150 దాకా వెళ్లావు! డిజాల్వ్ (ఒక ఫొటో కరిగిపోతూ ఇంకోటి రావడం) పెట్టిన చోట, అది పూర్తయ్యేదాకా కదలిక సాగాలి. మధ్యలో ఆగితే బండి గుంతలో పడ్డట్టుంటుంది. డిజాల్వ్ లేకుండా, కదలిక మన కళ్లముందే మొదలై ఆగే చోట మాత్రం ఈజ్ ఇన్, ఈజ్ అవుట్ పెట్టు, అప్పుడు కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది.

కొన్ని ఫొటోలు మసకబారడానికి కారణం పిక్సెళ్లు. టైమ్‌లైన్ వెడల్పు, అంటే నీ వీడియో వెడల్పు, 1920 అయితే, 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోని దాదాపు సగం దాకా క్రాప్ చేసినా నష్టం లేదు. చాటింగ్ యాప్‌లో వచ్చినవి చాలావరకు కుదించుకుపోయి ఉంటాయి. మొహమాటపడకుండా అసలు ఫైళ్లు అడిగి తెప్పించుకో.

ఆపిల్ వాళ్ల ఎడిటింగ్ యాప్ ఐమూవీలో, ఫొటోల్ని ఇలా కదిలించే ఎఫెక్ట్ పేరే కెన్ బర్న్స్. ఆ పేరున్న డాక్యుమెంటరీ దర్శకుడు 1990లో అమెరికా అంతర్యుద్ధం మీద సిరీస్ తీశాడు. 1861-65 నాటి యుద్ధానికి సినిమా ఫిల్మ్ ఎక్కడిది? పాత ఫొటోలే గతి కాబట్టి వాటినే కదిలించాడు. నీకు వీడియో క్లిప్పులు కూడా ఉన్నాయి కదా, వాటిని వాడుకో.

అన్నట్టు, కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడ్డ ఆ ఫొటో ఉంది చూడు, దానికి ఉన్న కీఫ్రేములన్నీ తీసెయ్. ఆరు సెకన్లు అలా కదలకుండా ఉండనీ.

ప్రేమతో,
పెద్దమ్మ