ఇంటిపట్టున ఉండని మనిషి గురించి రాసేటప్పుడు

అమ్మలూ,

అమ్మమ్మ సంవత్సరీకం నాటికి ఆవిడ మీద చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. రెండు వారాలుగా మొదటి పేజీ దగ్గరే ఆగిపోయావట. టెన్షన్ పడకు. ఇంకా నాలుగు నెలలుంది.

ఈ పని నేనొకసారి చేశాను. మా అత్తగారు పోయినప్పుడు పన్నెండు పేజీల పుస్తకం వేయించాను. 'త్యాగమూర్తి', 'అన్నపూర్ణ', 'సహనానికి మారుపేరు' అని రాశాను. చదివినవాళ్లంతా బాగుందన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత మొన్న బీరువా సర్దుతుంటే అది చేతికి దొరికింది. మొదటి నుంచి చివరి దాకా చదివాను. అందులో మా అత్తగారు ఎక్కడా లేరు. ఆవిడ ఎవరి మీద అలిగేవారో, అలిగితే ఎన్నాళ్లు మాట్లాడేవారు కాదో, ఏ కూర ఎవరికీ పెట్టకుండా దాచుకునేవారో ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాద్దామంటే చెప్పేవాళ్లు లేరు. నీకు అలా కాకూడదనే ఈ ఉత్తరం.

ముందు మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, ఫోన్ సంగతి చూడు. మీ మావయ్య దాన్ని ఎక్స్ఛేంజిలో ఇచ్చేద్దామంటున్నాడు, ఇవ్వనివ్వకు. వాట్సాప్‌లో అమ్మ మనందరికీ పంపిన వాయిస్ మెసేజీలు ఎవరి ఫోన్లో ఉన్నవి వాళ్లను కంప్యూటర్లోకి ఎక్కించమను, రెండు చోట్ల దాచు. సిమ్ కూడా రీచార్జి చేయిస్తూ ఉండు, లేకపోతే కొన్నాళ్లకు నంబరు పోతుంది. ఆ నంబరుకి ఇంకా ఫోన్లు వస్తున్నాయి.

తర్వాత అమ్మ చేతిసంచీ తియ్యి. అది నా దగ్గరే ఉంది, నేను ఏదీ కదపలేదు. మడత పెట్టిన ఒక నేత చీర, జాకెట్టు, తువ్వాలు, అమృతాంజనం సీసా, వక్కపొడి డబ్బా, చిల్లర సంచీ. ఆ చీర ఎందుకో నీకు తెలుసా? ఎవరైనా 'మా ఊరు రండి పిన్నిగారూ' అంటే అక్కడినుంచి అక్కడికే బయలుదేరడానికి. దాని అడుగున అట్ట ఊడిన చిన్న డైరీ ఉంటుంది, ఫోన్ నంబర్లు రాసుకున్నది. మనుషుల పేర్లు తక్కువ. 'కోటిపల్లి పంటు మీద గాజులమ్మాయి', 'రైల్లో కలిసిన తుని వాళ్లు', 'అంతర్వేది తీర్థంలో చోటిచ్చినావిడ', ఇలా ఉంటాయి. నీ పుస్తకం అక్కడ మొదలవుతుంది. ఒక్కో నంబరుకీ ఫోన్ చెయ్యి. సగం కలవవు, ఫరవాలేదు.

ఇంట్లోవాళ్లం నీకు ఎంతో చెప్పలేం. మనందరికీ అమ్మ అంటే తాళం వేసిన తలుపు, పక్కింట్లో ఇచ్చి వెళ్లిన తాళంచెవి. 'ఇంటిపట్టున ఉండదమ్మా మీ అమ్మ' అని మా నాన్నమ్మ నా చిన్నప్పటి నుంచి అంటూనే ఉంది. అమ్మ మనిషిగా బతికింది రేవుల్లో, బస్సుల్లో, రాజమండ్రి దేవీచౌక్‌లో దసరా నాటకాలకు ముందే వెళ్లి పరిచిన చాప మీద. కాబట్టి ఆ చాప మీద పక్కన కూర్చున్నవాళ్లనే అడగాలి.

అడిగేటప్పుడు 'అమ్మమ్మ ఎలాంటి మనిషి?' అనకు. 'మహా మంచి మనిషమ్మా' అని కళ్లు తుడుచుకుంటారు, అక్కడితో సరి. 'మొదటిసారి ఎక్కడ చూశారు? ఏం కట్టుకుంది? మీకేం పెట్టింది?' అని అడుగు. పెద్దవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ఫోన్ రికార్డింగ్ పెడితే బిగుసుకుపోతారు. చిక్కుళ్లు తుంచుతున్నప్పుడో, పూలు కడుతున్నప్పుడో పక్కన కూర్చుని నువ్వూ రెండు చేతులు వెయ్యి. రికార్డు చేస్తున్నానని మాత్రం ముందే చెప్పు.

ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మన గోదారివాళ్లకు కాలం అంటే పుష్కరాలు, వరదలు. 'రోడ్డు కం రైలు బ్రిడ్జి రాకముందా, వచ్చాకా?' అని అడుగు, అది 1974. '86 వరదలప్పటికి మీకు పరిచయమేనా?', '91 పుష్కరాలకా, 2003 పుష్కరాలకా?', కోనసీమ వాళ్లయితే '96 తుఫానుకి ముందా?' అని అడుగు. చటుక్కున గుర్తొస్తుంది, దాంతోపాటు నువ్వడగని సంగతులు నాలుగు వస్తాయి. అమ్మ పుట్టినరోజు దగ్గర మాత్రం ఆగిపోకు. ఆధార్‌లో ఉన్న జూలై 1 మీ మావయ్య రాయించింది. 'వైశాఖంలో, మామిడిపళ్ల రోజుల్లో' అని అమ్మే చెప్పేది. అదే రాయి.

బ్రిడ్జి అంటే గుర్తొచ్చింది. అమ్మ పుట్టిల్లు కొవ్వూరు కదా. రాజమండ్రి నుంచి గోదారి దాటితే కొవ్వూరే. అప్పట్లో పాత హేవలాక్ బ్రిడ్జి మీద రైలుండేది, రేవులో లాంచీ ఉండేది. అమ్మ ఎప్పుడూ లాంచీయే ఎక్కేది. 'రైలైతే మాట కలిసేలోపే ఊరొచ్చేస్తుందే' అనేది. నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. లాంచీ అంచున కూర్చుని, కొంగు నడుముకి దోపుకుని, ఒళ్లో ఎవరి పిల్లనో పెట్టుకుని దానికి జామకాయ పంటితో కొరికి ముక్కలు చేసి పెడుతోంది. ఆ పిల్ల తల్లి వాంతులతో అవస్థ పడుతోంది. అవతలి ఒడ్డుకి చేరేసరికి ఆ తల్లి పుట్టిల్లు ఎక్కడో, మొగుడు ఏం చేస్తాడో, అత్తగారు ఎందుకు మాట్లాడటం లేదో అమ్మకి తెలిసిపోయింది. నేను మాత్రం నా జామకాయ ఇచ్చేసిందని ఏడుస్తున్నాను. ఆ ఏడుపు కూడా రాయి.

ఇది నీకు కష్టంగా ఉంటుంది కానీ వదలకు. నా పదో తరగతి పరీక్షల్లో లెక్కల పేపరు రోజు ఇంటికి వచ్చేసరికి తలుపుకి తాళం. అమ్మ స్నేహితులతో మ్యాట్నీకి వెళ్లింది. చాలా ఏళ్లు ఆ కోపం నాలో ఉండిపోయింది. నువ్వు రాసేటప్పుడు దానికి సంజాయిషీ వెతకొద్దు. ఎవరికో సాయం చేయడానికి వెళ్లి ఉంటుందని సర్ది చెప్పకు. సినిమాకే వెళ్లింది. సినిమా అంటే ఇష్టం కాబట్టి వెళ్లింది. ఆవిడ చేసిన ప్రతిదాన్నీ సేవగా మార్చేస్తే, తన ఇష్టానికి తను తిరిగిన ఆడమనిషి మన ఇంట్లో ఒకావిడ ఉందన్న సంగతి నీ కూతురికి తెలియకుండా పోతుంది. 1970ల్లో అలా ఉండటానికి ఎన్ని మాటలు పడిందో నేను విన్నాను. 'వాళ్ల నోరు నొప్పెడితే వాళ్లే ఊరుకుంటారు' అని చెప్పులు వేసుకునేది.

చుట్టాలు ఒత్తిడి చేస్తారు. వంశవృక్షం వెయ్యి, మొదట్లో దేవుడి బొమ్మ వెయ్యి, శ్రద్ధాంజలి పద్యం ఒకటి వెయ్యి అంటారు. అన్నిటికీ కలిపి రెండు పేజీలివ్వు, మిగతావి అమ్మకి ఉంచు. ఫొటోల్లో అద్దానికి అంటుకుపోయినవి ఉంటే పీకొద్దు, చిరిగిపోతాయి. అద్దంతోనే ఫొటో తీయించు. వెనకాల పేర్లు మెత్తని పెన్సిల్‌తో రాయి, బాల్‌పెన్ వద్దు. ముఖచిత్రానికి ఆ పట్టుచీర స్టూడియో ఫొటో నాకు నచ్చలేదు. నర్సాపురం రేవులో పంటు దిగుతూ, వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తున్నది ఒకటుంది చూడు, కాస్త చెదిరిన ఫొటో. అది వెయ్యి.

డైరీలో మొదటి నంబరు నిన్న నేనే కలిపాను, ఆ తుని వాళ్లది. పెద్దావిడ ఎత్తింది. నేను రాజమండ్రి నుంచి అనగానే, 'అమ్మగారు ఈ ఏడు కొత్తావకాయకి రాలేదేమండీ, జాడీ ఒకటి విడిగా తీసి ఉంచాం' అంది. నాకు నోట మాట రాలేదు, మళ్లీ చేస్తానని పెట్టేశాను. నువ్వు ఆదివారం వస్తే ఇద్దరం కలిసి తుని వెళ్దాం. ఫోన్లో చెప్పే సంగతి కాదు. పొద్దున్న బండికి టిక్కెట్లు నేను తీస్తాను. సంచీలో ఒక చీర పెట్టుకుని రా.

మీ పెద్దమ్మ